నిప్పు, గురి: మజిల్‌లోడర్ రైఫిళ్ళ చరిత్రలో రెండు సమస్యలు

1. పరిచయం

తుపాకుల చరిత్ర అనగానే యుద్ధాలు, సేనానులు, గెలుపు ఓటములు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో వాటి జోలికి ఎక్కువగా వెళ్ళం. తుపాకి గొట్టం లోపల రెప్పపాటులో జరిగే రెండు పనులను పట్టుకొని నాలుగు వందల ఏళ్ళ చరిత్రను పరిశీలిద్దాం. మొదటిది, మందుకు నిప్పు అంటుకోవడం. రెండవది, గుండు అనుకున్న చోట తగలడం.

గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించే తుపాకిని మజిల్‌లోడర్ అంటారు. మన పల్లెల్లో నాటు తుపాకి అని పిలిచేది సాధారణంగా ఈ పద్ధతిలో పనిచేసేదే. గొట్టం లోపలి గోడకు మెలికలు తిరిగిన గాడులు ఉంటే అది రైఫిల్. గాడులు లేని నున్నని గొట్టం ఉంటే అది మస్కెట్. 19వ శతాబ్ది రెండవ సగంలో ఐరోపా సైన్యాలు మజిల్‌లోడర్‌ను వదిలిపెట్టాయి. అయితే 20వ శతాబ్ది చివరలో అమెరికా వేటగాళ్ళ చేతుల్లో అది పొగలేని మందుతో జతకట్టి మళ్ళీ తయారైంది. పాత సమస్యలు కూడా దానితోపాటే తిరిగి వచ్చాయి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలగాలి.

• నిప్పు అంటుకోవడానికి, గురికి మధ్య ఉన్న సంబంధం
• వత్తి నుంచి టోపీ దాకా జరిగిన మార్పులు, వాటి ఫలితాలు
• 1857 నాటి తూటా వివాదం వెనుక ఉన్న సాంకేతిక కారణం
• పొగలేని మందు వాడే మజిల్‌లోడర్ పుట్టుకకు దారితీసిన పరిస్థితులు

2. గొట్టం లోపల ఏం జరుగుతుంది?

ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక గుండు సగటున సెకనుకు 300 మీటర్ల వేగంతో వెళుతున్నదనుకోండి. 180 మీటర్ల దూరం చేరడానికి దానికి 0.6 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో భూమ్యాకర్షణ వల్ల అది సుమారు 1.76 మీటర్లు కిందికి దిగుతుంది. తుపాకిని ఆ మేరకు పైకెత్తి గురిపెడితే సరిపోతుంది. ఇప్పుడు రెండవసారి మందు కాస్త ఆలస్యంగానో, అసంపూర్ణంగానో మండి, వేగం 5 శాతం తగ్గిందనుకుందాం. అప్పుడు అదే దూరానికి సుమారు 0.63 సెకను పడుతుంది. గుండు 1.95 మీటర్లు దిగుతుంది. గురి చూసినవాని చెయ్యి వణకలేదు, కన్ను తప్పలేదు. అయినా గుండు 19 సెంటీమీటర్లు కిందికి తగిలింది.

ఈ లెక్క నుంచి మీరు గ్రహించవలసినది ఒకటుంది. గురి అనేది కేవలం మనిషి నైపుణ్యం కాదు. మందు ప్రతిసారీ ఒకే విధంగా అంటుకోవాలి, ఒకే విధంగా మండాలి, ఆ వాయువు పక్కలకు జారిపోకుండా గుండును నెట్టాలి. అంటే నిప్పు సమస్య, గురి సమస్య వేరువేరు కావు. ఒకదాన్ని పరిష్కరించినప్పుడల్లా రెండవది బయటపడటమే మజిల్‌లోడర్ చరిత్ర.

3. వత్తి నుంచి చెకుముకి దాకా

నల్లమందులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. దీనికి ఒక గొప్ప గుణం ఉంది. చిన్న నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. ఒక పెద్ద లోపమూ ఉంది. మండిన తరువాత దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. అందులో కొంత పొగగా పోతుంది, కొంత గొట్టం లోపల మసిగా పేరుకుంటుంది. ఈ రెండు గుణాలనూ గుర్తుంచుకోండి. తరువాతి కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

తొలి తుపాకుల్లో సురేకారం నీటిలో నానబెట్టి ఆరబెట్టిన వత్తిని వాడేవారు. మీట నొక్కితే, మెల్లగా కాలుతున్న వత్తి కొస వంగి, గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలోని రంజకాన్ని తాకుతుంది. రంజకం మంట ఒక సన్నని రంధ్రం గుండా లోపలి మందును చేరుతుంది. వాన పడితే వత్తి ఆరిపోయేది. చీకట్లో వత్తి కొస మెరిసి సైనికుణ్ణి పట్టించేది. అయితే దీనికి కావలసిన నూలు, సురేకారం ఊళ్ళోనే దొరికేవి. ఐరోపాలో కనుమరుగైన చాలా కాలం తరువాత కూడా వత్తి తుపాకి భారతదేశంలో నిలిచి ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. వెనుకబాటుతనం అనే ఒక్క మాటతో దీనిని కొట్టిపారేయడం సరికాదు.

17వ శతాబ్ది తొలి దశకాల్లో ఫ్రాన్స్‌లో చెకుముకి తుపాకి రూపుదిద్దుకుంది. చెకుముకి రాయి ఉక్కు రేకును గీరి నిప్పురవ్వలు కురిపిస్తుంది. ఆ రవ్వలు రంజకాన్ని వెలిగిస్తాయి. సుమారు రెండు వందల ఏళ్ళు ఐరోపా సైన్యాలు దీని మీదే ఆధారపడ్డాయి. ఇందులో కూడా నిప్పు నేరుగా లోపలికి పోదు. రాయి, రేకు, పళ్ళెం, రంధ్రం అనే నాలుగు మెట్లు దాటాలి. రాయి అరిగినా, రంజకం చెమ్మగిల్లినా, రంధ్రం మసితో మూసుకుపోయినా తుపాకి పేలదు. పళ్ళెంలో మంట లేచి లోపలి మందు మాత్రం అంటుకోకపోవడం అతి సాధారణమైన విషయం.

4. మతాచార్యుని ప్రయోగం, రాగి టోపీ

1800లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోవర్డ్ పాదరస ఫల్మినేట్ తయారీని వివరించాడు. దెబ్బ తగిలితే చాలు, అది పేలుతుంది. స్కాట్లండ్‌లోని బెల్‌హెల్వీ అనే ఊరిలో చర్చి ఆచార్యుడైన అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్‌కు నీటిపక్షుల వేట సరదా. చెకుముకి తుపాకి పళ్ళెంలో మంట మెరవగానే పక్షులు నీటిలో మునిగిపోయేవి. గుండు చేరేసరికి అవి అక్కడ ఉండేవి కావు. ఆ మెరుపుకు, పేలుడుకు మధ్యనున్న క్షణాన్ని తొలగించాలని ఫోర్సైత్ పట్టుబట్టాడు. దెబ్బతో పేలే రసాయనాన్ని రంజకానికి బదులుగా వాడి, 1807లో పేటెంట్ పొందాడు.

తరువాతి ఏళ్ళలో ఈ రసాయనాన్ని చిన్న రాగి టోపీలో అమర్చే పద్ధతి వచ్చింది. ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్ళిన చిత్రకారుడు జాషువా షా దానికి 1822లో అక్కడ పేటెంట్ తీసుకున్నాడు. గొట్టం వెనుకనున్న చనుమొన వంటి భాగానికి టోపీ తొడుగుతారు. సుత్తి దాని మీద పడగానే మంట నేరుగా మందులోకి దూసుకుపోతుంది.

బ్రిటిష్ సైన్యం 1834లో వూలిచ్ వద్ద రెండు పద్ధతులను పోల్చింది. ఒక్కొక్క పద్ధతిలో 6,000 సార్లు కాల్చగా, చెకుముకి తుపాకి 922 సార్లు పేలలేదు. టోపీ తుపాకి 36 సార్లు మాత్రమే మొరాయించింది. అంటే ప్రతి 13లో రెండు వైఫల్యాలు ఉన్నచోట 166లో ఒకటి మిగిలింది. 1840 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం టోపీ పద్ధతికి మారింది.

అయితే ప్రతి మార్పుకూ ఒక మూల్యం ఉంటుంది. చెకుముకి రాయి నేలలో దొరుకుతుంది. టోపీ దొరకదు. దానికి రసాయన కర్మాగారం కావాలి, రాగి రేకు కావాలి, సరఫరా మార్గం కావాలి. 1857లో తిరుగుబాటు దళాల చేతుల్లో తుపాకులు ఉన్నా, టోపీల కొరత వారిని ఎంతో ఇబ్బంది పెట్టింది. నమ్మకంగా పేలే తుపాకి, దాన్ని పట్టినవాణ్ణి కర్మాగారం మీద ఆధారపడేలా చేసింది. టోపీని అదుపులో పెట్టుకున్నవాడు తుపాకినీ అదుపులో పెట్టుకోగలడు.

5. గుండుకు, గొట్టానికి మధ్య సందు

నిప్పు సమస్య తీరింది. ఇక గురి సంగతి చూద్దాం. బ్రిటిష్ మస్కెట్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.75 అంగుళం. అందులో వేసే సీసపు గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. ఈ సందును కావాలనే వదిలారు. నాలుగైదు సార్లు కాల్చగానే గొట్టంలో మసి పేరుకుంటుంది. గుండు బిగుతుగా ఉంటే యుద్ధం మధ్యలో అది లోపలికి దిగదు. కాని సందు ఉన్నందువల్ల వాయువు పక్కలనుంచి జారిపోతుంది. గుండు గొట్టం గోడలకు కొట్టుకుంటూ వెళ్ళి, చివరిగా ఏ వైపు తగిలిందో దానికి ఎదురు వైపు మళ్ళుతుంది. వంద గజాలు దాటితే గురి చూడటానికి పెద్దగా అర్థం ఉండేది కాదు.

రైఫిల్ గాడులు గుండును బొంగరంలా తిప్పి దారి తప్పకుండా ఉంచుతాయన్నది పాత సంగతే. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివారు 18వ శతాబ్దిలోనే పొడవైన వేట రైఫిళ్ళు చేశారు. కొవ్వు పూసిన గుడ్డముక్కలో గుండును చుట్టి కూరేవారు. ఆ గుడ్డ సందును మూసేది, గాడులను పట్టుకునేది. వేటగాడికి ఇది సరిపోయింది. నిమిషానికి మూడుసార్లు కాల్చవలసిన సైనికుడికి సరిపోలేదు. అందువల్ల రైఫిల్ చాలా కాలం ప్రత్యేక దళాలకే పరిమితమైంది.

కూరేటప్పుడు వదులుగా, పేలేటప్పుడు బిగుతుగా ఉండే గుండు కావాలి. ఈ ఆలోచన దక్షిణ భారతంతో ముడిపడి ఉందని చెబుతారు. ఇక్కడ పనిచేసిన కెప్టెన్ జాన్ నార్టన్, స్థానికులు ఊదుడు గొట్టంతో వదిలే బాణాలను చూశాడట. వాటి వెనుక భాగంలో తామర తూడు బెండు ఉండేది. ఊదినప్పుడు ఆ బెండు ఉబ్బి గొట్టాన్ని మూసేది. అదే సూత్రంతో వెనుకవైపు గుల్లగా ఉండే కోసుమొన గుండును ఆయన ప్రతిపాదించాడు. బ్రిటిష్ సైన్యం పట్టించుకోలేదు. ఫ్రాన్స్‌లో డెల్విన్, థూవెనాన్ వేరే మార్గాల్లో ప్రయత్నించారు. 1849లో క్లోడ్ ఎతియెన్ మినియే రూపొందించిన గుండు విజయవంతమైంది. మందు పేలగానే దాని గుల్ల అడుగు విప్పారి గాడుల్లోకి దిగేది. ఇప్పుడు సామాన్య సైనికుడు కూడా మూడు నాలుగు వందల గజాల దూరాన్ని గురిలోకి తెచ్చుకోగలిగాడు.

6. 1857: కొవ్వు ఎందుకు పూశారు?

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ సూత్రం మీదే తయారైంది. దాని గొట్టం వ్యాసం 0.577 అంగుళం. మొదట్లో వాడిన గుండు వ్యాసం 0.568 అంగుళం. పాత మస్కెట్‌లోని సందుతో పోల్చి చూడండి. ఇక్కడ సందు అంగుళంలో వందో వంతు కూడా లేదు. ఇంత బిగుతైన గుండు మసి పట్టిన గొట్టంలో జారాలంటే జిడ్డు కావాలి. అందుకే తూటా కాగితంలో గుండు ఉన్న వైపు జంతుకొవ్వు, మైనం కలిపిన మిశ్రమం పూశారు.

తూటాను పంటితో చించడం కొత్త కాదు. పాత మస్కెట్‌కూ సిపాయిలు అదే చేసేవారు. కొత్తగా వచ్చింది జిడ్డు. అది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ శిక్షణ కేంద్రం నుంచి వ్యాపించింది. సిపాయిలు తమకు నచ్చిన జిడ్డును తామే పూసుకోవచ్చునని ప్రభుత్వం అనుమతించింది. పంటితో కాక చేతితో చించేలా కవాతు పద్ధతినీ మార్చింది. అప్పటికే నమ్మకం పోయింది. మీరట్‌లో ఏప్రిల్ 24న 85 మంది అశ్విక సైనికులు నిరాకరించినవి నిజానికి పాత రకం తూటాలే. మే 9న వారికి సంకెళ్ళు వేశారు. మే 10న తిరుగుబాటు మొదలైంది.

భూమి శిస్తు విధానం, సంస్థానాల విలీనం, సైనికుల జీతభత్యాలు, మతం మారుస్తారన్న భయం వంటి లోతైన కారణాలను మీరు వేరే పాఠంలో చదివారు. తూటా వాటికి ప్రత్యామ్నాయం కాదు. కాని ఆ తూటా కేవలం ఒక వదంతి కూడా కాదు. గురి కోసం సందును తగ్గించారు, సందు తగ్గినందుకు జిడ్డు పూశారు, జిడ్డు పూసేటప్పుడు దాన్ని నోటికి తాకించే మనుషులను అడగలేదు. సాంకేతిక సమస్యకు పరిష్కారం దొరికింది. ఆ పరిష్కారం ఎవరి నోటి దగ్గరికి వెళుతుందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి గమనించండి. ఆనాటి ఢిల్లీ ఉర్దూ రచనల్లో కంపెనీ సిపాయిలను ‘తిలంగా’లు అన్నారు. కంపెనీ తొలి సిపాయిలలో తెలుగు ప్రాంతం వారు ఉండటం వల్ల వచ్చిన పేరు అది. 1857 నాటికి ఉత్తరాదిన సిపాయిల్లో అధికులు అవధ్, బీహార్ ప్రాంతాల వారు. అయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

తిరుగుబాటు అణచివేత తరువాత జరిగినది మరింత ఆలోచించదగినది. 1858లో భారతీయ దళాల కోసం ప్రత్యేక నమూనా తయారైంది. చూడటానికి అది ఎన్‌ఫీల్డ్ లాగే ఉంటుంది. గొట్టంలో గాడులు ఉండవు. దూరాలకు సవరించుకునే గురిపట్టీ ఉండదు. దాదాపు యాభై ఏళ్ళు శ్రమించి సాధించిన గురిని సిపాయి చేతిలో నుంచి ఉద్దేశపూర్వకంగా తీసివేశారు. ఆ తరువాత కూడా బ్రిటిష్ సైనికుడికి కొత్త రైఫిల్ ఇచ్చినప్పుడు భారతీయ సైనికుడికి అంతకు ముందు తరం రైఫిల్ ఇచ్చే పద్ధతి చాలా కాలం సాగింది. 1878 ఆయుధాల చట్టం భారతీయులు తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి చేసింది, ఐరోపా వారిని మినహాయించింది. కాబట్టి సాంకేతిక చరిత్ర ఎప్పుడూ ముందుకే నడుస్తుందని అనుకోకండి. అధికారం తలచుకుంటే అది వెనక్కి కూడా నడుస్తుంది.

7. మజిల్‌లోడర్ శిఖరం, పతనం

సిపాయిలు తూటాలను నిరాకరించిన 1857 ఏప్రిల్‌లోనే, ఇంగ్లండ్‌లోని హైత్ వద్ద మరో పరీక్ష జరిగింది. ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ ఆరు పలకల గొట్టంతో 0.451 అంగుళం వ్యాసం గల రైఫిల్ చేశాడు. దాని మెలిక ఎన్‌ఫీల్డ్ మెలిక కంటే ఎంతో బిగువు. ఎన్‌ఫీల్డ్ గుండ్లు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, ఇది 20 అంగుళాలకే ఒక చుట్టు తిప్పుతుంది. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుండ్ల సగటు చెదురు రెండు అడుగులకు పైగా ఉంటే, విట్‌వర్త్ చెదురు అర అడుగు లోపే ఉంది. 1860లో వింబుల్డన్ పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా రాణి స్టాండుకు బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌ను 400 గజాలకు పేల్చింది. గుండు కేంద్రానికి ఒకటిన్నర అంగుళాల లోపు తగిలింది. కాని సైన్యం దాన్ని తీసుకోలేదు. ధర ఎక్కువ, మసి త్వరగా పట్టేది.

ఈలోగా ప్రష్యా సైన్యం వెనుక నుంచి తూటా పెట్టే డ్రైసే రైఫిల్‌తో 1866లో ఆస్ట్రియాను ఓడించింది. పడుకొని కాల్చేవాడి ముందు నిలబడి కడ్డీతో దట్టించేవాడు నిలవలేకపోయాడు. అదే ఏడాది బ్రిటన్ ఎన్‌ఫీల్డ్‌లను స్నైడర్ పద్ధతిలో వెనుక నుంచి నింపేలా మార్చడం మొదలుపెట్టింది. మజిల్‌లోడర్ సైనిక జీవితం ముగిసింది.

8. పొగలేని మందు

1846లో షోన్‌బైన్ ప్రకటించిన తుపాకి దూదికి పొగ చాలా తక్కువ, శక్తి చాలా ఎక్కువ. కాని అది అదుపులో ఉండేది కాదు. 1847లో ఇంగ్లండ్‌లోని ఫావర్‌షామ్ కర్మాగారం పేలి దాదాపు 20 మంది మరణించారు. దాన్ని మచ్చిక చేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే. 1884లో ఆయన నైట్రోసెల్యులోజును జిగురుగా మార్చి, పలుచని రేకులుగా కోసి, నెమ్మదిగా మండేలా చేశాడు. 1886 లెబెల్ రైఫిల్ దానితోనే వచ్చింది. 1889లో బ్రిటన్ కార్డైట్‌ను రూపొందించింది.

కాలక్రమాన్ని గమనించండి. పొగలేని మందు పుట్టేనాటికి మజిల్‌లోడర్ సైన్యాల్లో లేదు. మసి తక్కువగా ఉండే మందు ఏభై ఏళ్ళు ముందు వచ్చి ఉంటే ఎన్‌ఫీల్డ్ తూటాకు అంత జిడ్డు అవసరమయ్యేది కాదు. చరిత్రలో పరిష్కారాలు సమస్య అడిగిన వేళకు రావు.

9. శతాబ్ది తరువాత కలయిక

అమెరికాలో అనేక రాష్ట్రాలు మామూలు వేట కాలానికి తోడుగా మజిల్‌లోడర్లకు ప్రత్యేక సీజన్ కేటాయించాయి. ఒక్క గుండుతో, తక్కువ దూరంలో వేటాడటం జంతువుకు కొంత వెసులుబాటు అన్నది అందులోని భావం. ఆ చట్టం కొత్త మార్కెట్‌ను సృష్టించింది. 1985లో టోనీ నైట్ తయారుచేసిన ఎంకె-85 రైఫిల్‌లో టోపీ పక్కన కాక, మందుకు నేరుగా వెనుక ఉంటుంది. నిప్పు మలుపు తిరగనక్కరలేదు. తరువాత షాట్‌గన్ తూటాలకు వాడే 209 రకం ప్రైమర్ టోపీ స్థానాన్ని ఆక్రమించింది. నార్త్ కరోలైనాకు చెందిన హెన్రీ బాల్ రూపకల్పన ఆధారంగా 21వ శతాబ్ది ఆరంభంలో సావేజ్ కంపెనీ 10ఎంఎల్ రైఫిల్‌ను విడుదల చేసింది. కర్మాగారం పొగలేని మందుకు అనుమతించిన మజిల్‌లోడర్ అది.

ఇక్కడ పాత సమస్యలు తలకిందులై తిరిగి వచ్చాయి. నల్లమందు రవ్వకే అంటుకుంటుంది, మసి మిగులుస్తుంది. పొగలేని మందు మసి మిగల్చదు, కాని సులభంగా అంటుకోదు. దానికి బలమైన మంట కావాలి, పీడనం కూడా కావాలి. పీడనం పెరిగేకొద్దీ అది వేగంగా మండుతుంది. మామూలు తూటాలో ఇత్తడి గొట్టం గుండును బిగించి పట్టుకొని ఆ తొలి పీడనాన్ని నిలుపుతుంది. మజిల్‌లోడర్‌లో ఇత్తడి లేదు. గుండు గొట్టాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత సమంగా మందు మండుతుంది. మినియే నాటి సందు సమస్య ఇప్పుడు నిప్పు సమస్యగానూ మారింది.

దీన్ని తయారీదారులు, పనివారు మూడు చోట్ల ఎదుర్కొన్నారు. మొదటిది ప్రైమర్ వద్ద. వేడి వాయువు వెనక్కి కారకుండా ప్రైమర్‌ను బిగుతైన ఉక్కు గదిలో అమర్చారు. కొందరు షాట్‌గన్ ప్రైమర్‌ను వదిలి రైఫిల్ ప్రైమర్‌కు మారారు. రెండవది మంట వెళ్ళే రంధ్రం వద్ద. పేలిన ప్రతిసారీ వేడి వాయువు దాన్ని కొద్దిగా కోసి పెద్దది చేస్తుంది. రంధ్రం మారితే మంట మారుతుంది, వేగం మారుతుంది, రెండవ భాగంలో లెక్క చూపినట్లు గుండు తగిలే చోటూ మారుతుంది. అందుకే ఆ రంధ్రాన్ని మార్చదగిన విడిభాగంగా చేశారు. మూడవది గుండు వద్ద. గుండు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు గొట్టం వేడికి మెత్తబడి పట్టు కోల్పోతుంది. దానికి బదులుగా గొట్టం కొలతకు సరిగ్గా అచ్చుపోసిన గుండ్లను వాడటం మొదలైంది. పెన్సిల్వేనియా పనివారు గుడ్డముక్కతో సాధించినదే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక అవసరం. పొగలేని మందు పీడనం నల్లమందు పీడనం కంటే ఎంతో ఎక్కువ. దానికోసం ప్రత్యేకంగా తయారుకాని మజిల్‌లోడర్‌లో దాన్ని వాడితే గొట్టం పగిలి, పట్టినవాడే గాయపడతాడు, మరణించవచ్చు కూడా.

చట్టం ఈ పరిణామాన్ని ప్రోత్సహించింది, అడ్డుకుంది కూడా. పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకులకు ప్రత్యేకమైన శీతాకాల సీజన్ ఉంది. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో పొగలేని మందును అనుమతించదు. కొత్త పరికరం పాత సీజన్ ఉద్దేశాన్నే దెబ్బతీస్తుందా అన్న చర్చ అక్కడ కొనసాగుతున్నది.

10. సారాంశం

వత్తి, చెకుముకి, టోపీ, ప్రైమర్ అనే క్రమంలో నిప్పు మందుకు దగ్గరైంది. గుడ్డముక్క, గుల్ల గుండు, అచ్చు గుండు అనే క్రమంలో సందు మూసుకుపోయింది. కాని ఏ మార్పు ఎవరి చేతికి చేరాలన్నది పనివాడు నిర్ణయించలేదు. టోపీ సరఫరా, విట్‌వర్త్ ధర, 1858 నాటి గాడులు లేని తుపాకి, అమెరికా వేట చట్టాలు దానిని నిర్ణయించాయి. ఇకపై మీరు ఏ పరికరం చరిత్ర చదివినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ సమస్యను తీర్చింది? తీర్చడంలో ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మందు మండే తీరులో తేడా గురిని ఎలా దెబ్బతీస్తుందో ఒక లెక్కతో వివరించండి.
2. టోపీ పద్ధతి వల్ల కలిగిన లాభమేమిటి? దాని వల్ల ఏర్పడిన ఆధారపడటం ఎటువంటిది?
3. ఎన్‌ఫీల్డ్ తూటాకు జిడ్డు పూయవలసిన సాంకేతిక కారణాన్ని, దాని రాజకీయ పర్యవసానాన్ని చర్చించండి.
4. నల్లమందుకు, పొగలేని మందుకు ఉన్న భేదాలు మజిల్‌లోడర్ నిర్మాణాన్ని ఎలా మార్చాయి?